గ్రనాడా నుంచి వెలేతా దాకా: సియెర్రా నెవాడాలో సైకిల్ తొక్కాలంటే

స్పెయిన్‌లో సైకిల్ అనగానే చాలామంది పిరనీస్ కొండల పేరో మయోర్కా దీవి పేరో చెబుతారు. నన్నడిగితే దక్షిణాన గ్రనాడా వెళ్ళమంటాను. ఊళ్ళో టిఫిన్ తిని సైకిలెక్కితే మధ్యాహ్నానికి 3,000 మీటర్లు దాటించే తారురోడ్డు యూరప్‌లో ఇదొక్కటే. సియెర్రా నెవాడా కొండల్లో అన్నిటికన్నా ఎత్తయినది ములాసెన్, 3,479 మీటర్లు. స్పెయిన్ ప్రధాన భూభాగంలో దాన్ని మించిన శిఖరం లేదు. దాని పక్కనున్న వెలేతా 3,400 మీటర్లకు కాస్త తక్కువ. రోడ్డు ఈ రెండోదాని నెత్తి దాకా పోతుంది. మన తూర్పు కనుమల్లో బాగా ఎత్తయిన శిఖరాలు 1,700 మీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. దాన్నిబట్టి అంచనా వేసుకోండి.

వాలు చూస్తే ఈ కొండ భయపెట్టదు. ఏ కిలోమీటరుకా కిలోమీటరు తొక్కి చూస్తే 'ఇంతేనా' అనిపిస్తుంది. అలా అనిపించే కిలోమీటర్లు నలభైకి పైగా వరసగా వస్తాయి. కింద ఉక్కపోత, పైన చలిగాలి, చివర్లో ఊపిరి చాలదు. దిగిన మర్నాడే వెలేతా ఎక్కేద్దామని వెళ్ళేవాళ్ళు సగంలో చేతులెత్తేసేది ఇందుకే. నేనూ మొదటిసారి అలాగే చేతులెత్తేశాను. కాబట్టి వారం రోజులు పెట్టుకోండి, వెలేతాను ఐదో రోజుకి ఉంచండి. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే ఉంటుంది.

ముందు నెల తేల్చుకోండి

టికెట్ల ధర చూసి నెల ఎంచుకోవద్దు. వెలేతా పైభాగంలో రోడ్డు మీద మంచు జూన్‌లో కూడా ఉండొచ్చు. శిఖరం దాకా వెళ్ళాలంటే జూలై మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా మంచి కాలం. జూలై, ఆగస్టుల్లో గ్రనాడా ఊళ్ళో 35 డిగ్రీలు మామూలే. మనకు అలవాటైన ఎండే కదా అనుకుంటాం గానీ, ఆ ఎండలో కొండెక్కడం మనకూ అలవాటు లేదు. నా ఓటు సెప్టెంబర్‌కి. ఎండ తగ్గి ఉంటుంది, పైన మంచు ఇంకా మొదలుకాదు.

శిఖరం అక్కర్లేదు, పల్లెల మధ్య తొక్కితే చాలు అనుకుంటే ఏప్రిల్, మే, అక్టోబర్ హాయిగా ఉంటాయి. చలికాలంలో పైన స్కీయింగ్ నడుస్తుంది. అప్పుడు ఆ రోడ్డంతా కార్లే.

ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకు షెంగెన్ వీసా కావాలి. దానికి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ అడుగుతారు. చవగ్గా వచ్చింది కొనేసి ఊరుకోవద్దు. సైకిల్ మీద పడితే వర్తిస్తుందా, ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్ని పాలసీలు మౌంటెన్ బైకింగ్‌ని సాహస క్రీడల్లో వేసి పక్కన పెట్టేస్తాయి. కొనే ముందే చదవండి.

కాళ్ళను ఇక్కడే సిద్ధం చేయాలి

మన దగ్గర 40 కిలోమీటర్ల ఎక్కుడు దొరకదు. దొరికిన ఘాట్‌నే మళ్ళీ మళ్ళీ ఎక్కండి. విశాఖ వాళ్ళకు అరకు దారిలో అనంతగిరి ఘాట్ ఉంది. హైదరాబాద్ వాళ్ళకు వికారాబాద్ వైపు చిన్న ఎక్కుళ్ళున్నాయి, లేదా ఇంట్లోనే సైకిల్ బిగించి తొక్కే ట్రైనర్ స్టాండు. వేగం అక్కర్లేదు. సీటు మీంచి లేవకుండా, పెడల్ నిమిషానికి 70 చుట్లు తిప్పుతూ, రెండు గంటలు ఆపకుండా తొక్కగలగాలి. మాట్లాడుతూ తొక్కగలిగేంత వేగమే సరైన వేగం. మూడు నెలలు వారానికి రెండుసార్లు ఇలా చేస్తే చాలు. తొడల బలం కన్నా ముందు నడుము నొప్పి మానడం తెలుస్తుంది.

సైకిల్ అద్దెకు తీసుకునేటప్పుడు

సొంత సైకిల్ విమానంలో తీసుకెళ్ళొచ్చు గానీ, మొదటిసారికి ఆ టెన్షన్ వద్దు. గ్రనాడాలో రోడ్ బైకులూ మౌంటెన్ బైకులూ అద్దెకిచ్చే షాపులున్నాయి. మీ పెడల్స్, బూట్లు, హెల్మెట్, సీటు మాత్రం మీవే తీసుకెళ్ళండి. సీటు బరువెంతని? అరచేయంత సామాను సూట్‌కేసులో ఓ మూల పడుంటుంది, వారం రోజుల బాధ తప్పిస్తుంది. సీటు ఎత్తు ఎంతో ఇంటి దగ్గరే టేపుతో కొలిచి ఫోన్‌లో రాసుకోండి.

షాపు వాడిని మొదట అడగాల్సింది సైకిల్ బ్రాండు కాదు, గేర్ల పళ్ళు. ముందు పెడల్స్ దగ్గరుండే పళ్ళ చక్రాల్లో (చైన్‌రింగ్) చిన్నది 34 పళ్ళు, వెనక చక్రానికుండే పళ్ళ చక్రాల్లో (క్యాసెట్) పెద్దది కూడా 34 పళ్ళు ఉంటే నిమిషానికి 60 చుట్లు తిప్పినా వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లే. అంటే 10 శాతం వాలు మీద కూడా మీరు కూర్చునే తొక్కగలరు. వెనక పెద్దది 28 పళ్ళే ఉంటే అవే చుట్లకు తొమ్మిది కిలోమీటర్ల పైన వెళ్ళాలి. 80 కిలోల బరువుకి (మీరూ సైకిలూ కలిపి) 10 శాతం వాలు మీద కాళ్ళు పెట్టాల్సిన శక్తిలో ఆ తేడా 35 వాట్లు దాటుతుంది. గంటల తరబడి ఆ 35 వాట్లు ఎక్కణ్ణించి తెస్తారు? 'మా దగ్గర అందరూ 28 మీదే ఎక్కుతారు' అని షాపులో అంటే నవ్వి ఊరుకోండి. అక్కడి కుర్రాళ్ళు పుట్టింది ఆ కొండ కిందే.

డిస్క్ బ్రేకులున్న బండి తీసుకోండి. తీసుకునే ముందు చక్రం పైకెత్తి తిప్పి, ప్యాడ్ ఎంత మందం ఉందో కళ్ళతో చూడండి. ఒకసారి ఒక షాపులో నాకు అరిగిపోయిన ప్యాడ్లతో బండి ఇచ్చారు. సగం కొండ దిగాక కిర్రుమనే చప్పుడుతో తెలిసింది, ఇనుము ఇనుమును గీకుతోందని. మిగతా దారంతా కాళ్ళీడ్చుకుంటూ నడిచాను. రెండు ట్యూబులు, పంపు, పంచర్ ప్యాచీలు, చైన్ లింకు, చిన్న టూల్ కిట్ అడిగి తీసుకోండి. పంచర్‌ని అక్కడ 'పించాసో' అంటారు, ట్యూబుని 'కామరా', మెకానిక్ షాపుని 'తాయేర్'. ఈ మూడు ముక్కలు వస్తే సగం స్పానిష్ వచ్చినట్టే.

కుడి పక్క, ఎడమ బ్రేకు

స్పెయిన్‌లో బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి. ఈ సంగతి అందరికీ తెలిసిందే. అందరూ మర్చిపోయేది బ్రేకు. మన దగ్గర సైకిళ్ళకు మామూలుగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి ఉంటుంది. అక్కడ ముందు చక్రం బ్రేకు ఎడమ చేతికి. మామూలుగా తొక్కేటప్పుడు తేడా తెలియదు. కుక్క అడ్డం వచ్చినప్పుడు తెలుస్తుంది. మెల్లగా వెనక చక్రం నొక్కుదామని ఎడమ చెయ్యి బిగిస్తే ముందు చక్రం ఆగిపోతుంది, మీరు హ్యాండిల్ మీదుగా ఎగిరి అవతల పడతారు. షాపు వాడిని అడిగితే కొందరు మార్చి ఇస్తారు. మార్చకపోతే మొదటి రోజు ఏదైనా ఖాళీ స్థలంలో అరగంట పాటు బ్రేకులే సాధన చేయండి. ఎడమ నొక్కి ముందు చక్రం మీద బరువు పడటం, కుడి నొక్కి వెనక చక్రం జారడం, రెండూ ఒంటికి పట్టాలి. నేను ఎడమ బ్రేకు లివర్‌కి ఎర్ర టేపు చుట్టుకుంటాను. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

రౌండ్ అబౌట్‌లో అపసవ్యంగా తిరగాలి, లోపల ఉన్నవాళ్ళకు దారివ్వాలి. మీరు గుంపుగా వెళ్తుంటే ఒక వెసులుబాటు ఉంది: గుంపులో మొదటి సైకిల్ లోపలికి వెళ్ళాక మిగతావాళ్ళంతా ఒకే బండి కింద లెక్క. ఊరి బయట రోడ్ల మీద హెల్మెట్ తప్పనిసరి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కితే ఫైన్ వేస్తారు. మద్యం పరిమితి సైకిలుకీ వర్తిస్తుంది. దాటుకెళ్ళే కార్లు కనీసం మీటరున్నర దూరం వదలాలి, చాలావరకు వదులుతాయి కూడా. హైదరాబాద్ రోడ్ల మీద తొక్కినవాళ్ళకు మొదటి రోజు కళ్ళు చెమర్చినా ఆశ్చర్యం లేదు. ప్రమాదం జరిగితే నంబర్ 112.

మొదటి నాలుగు రోజులు

బస గ్రనాడా ఊళ్ళోనే పెట్టుకోండి. ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మలగా విమానాశ్రయం నుంచి బస్సులో రావచ్చు. మాడ్రిడ్ నుంచి హైస్పీడ్ రైలు 2019 నుంచి నేరుగా గ్రనాడాకే నడుస్తోంది. సైకిల్ మీతో ఉంటే విప్పి సంచిలో పెట్టాలి.

మొదటి రోజు అల్హంబ్రా కోట వెనకున్న యానో దె లా పెర్దిస్ గుట్టకు వెళ్ళండి. పైన్ చెట్ల మధ్య మట్టిదారులు, గ్రనాడా మౌంటెన్ బైక్ వాళ్ళకు పెరటి తోట లాంటిది. రోడ్ బైక్ తీసుకున్నవాళ్ళు కూడా ఆ ఒక్క రోజుకి మౌంటెన్ బైక్ అద్దెకు తీసుకుంటే మంచిది. బ్రేకుల సాధన అక్కడే అయిపోతుంది. ఎదురుగా సియెర్రా నెవాడా వరస కనిపిస్తుంది. చూసి కంగారు పడొద్దు, అది ఐదో రోజు సంగతి.

రెండో రోజు హెనిల్ నది వెంట సెనెస్, పినోస్ హెనిల్ ఊళ్ళ మీదుగా గ్వేహార్ సియెర్రా దాకా. కనాలెస్ జలాశయం పక్క నుంచి పోతుంది. మెత్తటి ఎక్కుడు. ఊళ్ళో కూడలి దగ్గర కూర్చుని కాఫీ తాగి వెనక్కి వచ్చేయండి. అక్కణ్ణించి పైకి అసయానాస్ అనే దారి ఉంది, చివరి ఏడు కిలోమీటర్లు తొమ్మిది, పది శాతం వాలు. 2013లో స్పెయిన్ సైకిల్ టూర్ 'వుయెల్తా' అక్కడికి వచ్చింది. ఆ ఏడాది టూర్ గెలిచిన క్రిస్ హార్నర్ ఆ స్టేజీ కూడా గెలిచాడు. నలభై ఏళ్ళు దాటినవాడు. అది విని ఆవేశపడి రెండో రోజే పైకి మళ్ళకండి.

మూడో రోజు మొనాచిల్ ఊరి నుంచి ఎల్ పుర్చే. ఎనిమిది కిలోమీటర్ల చిల్లర, మధ్యలో 15 శాతం దాటే ముక్కలున్నాయి. ఇది ఎందుకంటే, మీ గేర్లు సరిపోతాయో లేదో ఇక్కడ తేలిపోతుంది. సరిపోకపోతే షాపుకెళ్ళి మార్పించుకోవడానికి ఇంకా టైముంది. సగంలో దిగి నడిచినా సిగ్గుపడాల్సింది లేదు.

నాలుగో రోజు విశ్రాంతి. అల్హంబ్రా చూడండి. టికెట్లు వారాల ముందే అయిపోతాయి కాబట్టి ఇంటి దగ్గరే కొనుక్కోండి.

తిండి దగ్గర పప్పులో కాలేయొద్దు

ఊళ్ళల్లో షాపులు మధ్యాహ్నం రెండింటికి మూసేసి ఐదింటికి తీస్తారు. హోటళ్ళలో మధ్యాహ్న భోజనం ఒంటిగంటన్నర దాటాక, రాత్రి భోజనం ఎనిమిదిన్నర దాటాక. ఆకలితో కొండ దిగి నాలుగింటికి ఊళ్ళోకొస్తే మీకు దొరికేది మూసిన తలుపులే. జేబులో ఎప్పుడూ ఒక పూట తిండి మిగిలి ఉండాలి.

శాకాహారులకు కొంచెం ఓపిక కావాలి. 'మాంసం వద్దు' అంటే ఆవు మాంసం వద్దన్నారనుకుని పంది మాంసం వేసి తెస్తారు. 'సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో' అని మూడూ విడివిడిగా చెప్పండి: మాంసం, హ్యామ్, చేప ఏదీ వద్దని. పొద్దున్నే తొక్కే ముందు 'తొస్తాదా కొన్ తొమాతే' చక్కటి టిఫిన్. కాల్చిన బ్రెడ్డు మీద తురిమిన టమాటా, ఆలివ్ నూనె, ఉప్పు. మధ్యాహ్నం 'పాపాస్ ఆ లో పోబ్రే', అంటే నూనెలో మెత్తగా మగ్గిన బంగాళాదుంపలూ కారం లేని క్యాప్సికమ్ ముక్కలూ, మనవాళ్ళకు నచ్చి తీరుతుంది. పక్కన గుడ్డు వద్దంటే ముందే చెప్పండి. గ్రనాడాలో డ్రింకు చెబితే తినడానికి చిన్న ప్లేటు ఉచితంగా వస్తుంది. అది ఏమిటో అడిగే తినండి.

తొక్కేటప్పుడు గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. అంటే రెండు పెద్ద అరటిపళ్ళకు కాస్త ఎక్కువ. అరటిపళ్ళు ఎన్నని మోస్తారు? అక్కడి సైకిలిస్టులు 'మెంబ్రియో' ముక్కలు జేబులో వేసుకుంటారు. క్విన్స్ అనే పండుతో చేసే తియ్యటి దిమ్మ, అచ్చం మన తాండ్ర లాగే ఉంటుంది. మీరు మామిడి తాండ్రే తీసుకెళ్ళినా అదే పని చేస్తుంది. పాల పదార్థాలు, మాంసం మాత్రం యూరప్‌లోకి సామాన్లలో తీసుకెళ్ళకూడదు, పాలకోవా ఆశలు వదులుకోండి. ఆకలి వేశాక తినడం కాదు, గడియారం చూసి ఇరవై నిమిషాలకోసారి తినాలి. తినకుండా తొక్కి ఒంట్లో శక్తి ఒక్కసారిగా అయిపోవడాన్ని స్పానిష్ సైకిలిస్టులు 'పాహరా' అంటారు. పాహరా అంటే ఆడ పక్షి. ఎందుకలా అంటారో గానీ, ఆ పక్షి వచ్చి భుజం మీద వాలిందంటే కళ్ళు బైర్లు కమ్ముతాయి, రోడ్డు పక్కన కూలబడటమే.

వెలేతా రోజు

ముందు రోజు రాత్రి స్పెయిన్ వాతావరణ శాఖ ఏమెత్ సియెర్రా నెవాడా కొండలకు విడిగా ఇచ్చే సూచన చూడండి. గ్రనాడా ఊరి వాతావరణం చూసి లాభం లేదు. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరు డిగ్రీల పైన తగ్గుతుంది. కింద 30 ఉంటే పైన 12, 13 డిగ్రీలు, గాలి వీస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. గాలి బాగా ఉందన్నా, మధ్యాహ్నం ఉరుములన్నా ఆ రోజు మానేయండి. అందుకే ఐదో రోజన్నాను. ఆరూ ఏడూ చేతిలో ఉంటాయి.

వెలుతురు రాగానే బయల్దేరండి. దాదాపు 45 కిలోమీటర్లలో 2,600 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కాలి. గంటకు 600 మీటర్ల చొప్పున ఎక్కితే నాలుగున్నర గంటలు, 500 అయితే ఐదున్నర. ఆగిన సమయం దీనికి అదనం.

దారి ఏ-395 రోడ్డు. వాలు చాలావరకు 5 నుంచి 7 శాతం, వెడల్పాటి రోడ్డు, తప్పిపోయే ప్రశ్నే లేదు. మొదటి గంటలో మీకు రెక్కలొచ్చినట్టుంటుంది. అసలు తప్పు అక్కడే చేస్తాం. పక్కన ఎవరో అరవై ఏళ్ళ పెద్దాయన 'వెంగా, వెంగా' (పద, పద) అంటూ దాటిపోతాడు. పోనివ్వండి. గుండె వేగం చూపించే పట్టీ ఉంటే, మీ గరిష్ఠంలో 75 శాతం దాటకుండా చూసుకోండి. లేకపోతే ముక్కుతో ఊపిరి పీల్చగలుగుతున్నారా లేదా చూసుకోండి, చాలు.

1,600 మీటర్లు దాటాక ఎల్ దోర్నాహో దగ్గర నేషనల్ పార్క్ కేంద్రం ఉంది. అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది. పెద్ద రోడ్డు నేరుగా పోతుంది. పాత రోడ్డు కొల్యాదో దె లాస్ సబీనాస్ మీదుగా చెట్ల మధ్య చుట్టు తిరిగి పోతుంది. నేను పాతదానికే ఓటేస్తాను. కార్లు తక్కువ, నీడ ఎక్కువ.

2,100 మీటర్ల దగ్గర ప్రదోయానో, స్కీయింగ్ ఊరు. వేసవిలో సగం షాపులు మూసి ఉంటాయి. ఆ పైన 2,320 మీటర్ల ఎత్తులో క్రీడాకారుల శిక్షణ కేంద్రం ఉంది, పలుచటి గాలిలో సాధన చేయడానికి ఒలింపిక్ స్థాయివాళ్ళు వస్తుంటారు. ఇంకా ఎక్కితే 2,500 మీటర్ల దగ్గర ఓయా దె లా మోరా. 2017లో వుయెల్తా స్టేజీ ఇక్కడే ముగిసింది, కొలంబియా కుర్రాడు మిగెల్ ఆంహెల్ లోపెస్ గెలిచాడు. 2022లో మళ్ళీ వచ్చింది. ప్రొఫెషనల్స్‌కి రేసు అక్కడితో అయిపోతుంది. మీకు ముందుంది ముసళ్ళ పండగ.

ఇక్కడ ఇరవై నిమిషాలు ఆగండి. కాఫీ తాగండి, రెండు సీసాలూ నింపుకోండి. పైన నీళ్ళు లేవు. తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి వెళ్ళొద్దు, దిగిపోండి. దానికి మందు దిగడమే.

సియెర్రా నెవాడాను 1999లో నేషనల్ పార్క్‌గా ప్రకటించారు. ఓయా దె లా మోరా గేటు దాటాక సొంత కార్లకు ప్రవేశం లేదు. వేసవిలో పార్క్ మినీబస్సు ఒకటి తిరుగుతుంది, అంతే. మిగతాదంతా సైకిళ్ళదీ నడిచేవాళ్ళదీ. పది పదకొండు కిలోమీటర్లు. తారు పాతది, గతుకులు, అక్కడక్కడా రాళ్ళు. అటు లోయ అవతల 30 మీటర్ల వెడల్పున్న తెల్లటి రేడియో టెలిస్కోప్ పళ్ళెం కనిపిస్తుంది. కాసేపు అది మీకన్నా ఎత్తులో ఉంటుంది, తర్వాత మీతో సమంగా, తర్వాత కింద. అది 2,850 మీటర్ల దగ్గర ఉంది కాబట్టి నేను దాన్నే మైలురాయిగా పెట్టుకుంటాను. కొండమేకలు రోడ్డు మధ్యలో నిలబడి మిమ్మల్ని చూసి జాలిపడతాయి.

3,000 దాటాక లెక్కలు మారతాయి. అక్కడ గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే 70 శాతం, శిఖరం దగ్గర మూడింట రెండు వంతులు. కింద సులువుగా తిప్పిన గేరే ఇక్కడ బరువెక్కుతుంది. వేగం గంటకు ఆరు కిలోమీటర్లకు పడిపోతే పడిపోనివ్వండి. నీళ్ళు తాగాలంటే కూడా ఊపిరి బిగబట్టాలి, ఆ తర్వాత నాలుగైదు ఊపిర్లు దాకా తేరుకోలేం. కాబట్టి గుటకలు చిన్నవిగా. చివరి ముక్కలో తారు చాలాచోట్ల లేచిపోయి ఉంటుంది. రోడ్ బైక్ వాళ్ళు దిగి తోసుకుంటూ వెళ్ళడం మామూలే.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు

పైన పదిహేను నిమిషాలకు మించి ఉండొద్దు. ఆగీ ఆగగానే, ఫోటోల కన్నా ముందు, చెమట బనియన్ విప్పి జేబులోని పొడి బనియన్ వేసుకోండి. దాని మీద గాలి చొరబడని జాకెట్, వేళ్ళు పూర్తిగా కప్పే గ్లోవ్స్, హెల్మెట్ కింద చెవులు కప్పే పట్టీ. సెప్టెంబర్‌లో కూడా. మొదటిసారి పై దాకా వెళ్ళినప్పుడు నా దగ్గర సగం వేళ్ళ గ్లోవ్సే ఉన్నాయి. ఓయా దె లా మోరాకి దిగేసరికి వేళ్ళు నావి కానట్టున్నాయి. హెల్మెట్ క్లిప్ నొక్కుతున్నాను, నొక్కుతున్నట్టు తెలియడం లేదు. కాఫీ ఇచ్చే ఆవిడ కౌంటర్ దాటి వచ్చి, చిన్నపిల్లాడికి తీసినట్టు తీసి, వేడి గ్లాసు నా రెండు చేతుల్లో పెట్టి పైనుంచి తన చేతులు మూసింది. అలాంటి చేతులతో బ్రేకు నొక్కుతూ పది కిలోమీటర్లు దిగానని తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

దిగేటప్పుడు బ్రేకు అదే పనిగా పట్టుకుని ఉంచొద్దు, వేడెక్కిపోతుంది. మలుపుకి ముందు గట్టిగా నొక్కి, వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. గతుకుల పాత తారు మీద గంటకు 25 కిలోమీటర్లే ఎక్కువ. పెద్ద రోడ్డు మీదకొచ్చాక వేగం దానంతటదే పెరుగుతుంది. కుడి పక్కనే ఉన్నారా అని ఒకసారి మనసులో అనుకోండి, అలసిపోయిన బుర్ర పాత అలవాటుకి ఎడమకి లాగుతుంది. ఎండ పెరుగుతున్నకొద్దీ జాకెట్ తీసేయాలి గానీ తొక్కుతూ తీయొద్దు, ఆగి తీయండి.

మట్టి దారుల మీద

మౌంటెన్ బైక్ వాళ్ళకు సియెర్రా నెవాడా చుట్టూ 'త్రాన్స్‌నెవాడా' అనే దారి ఉంది, దాదాపు 450 కిలోమీటర్లు, ఎనిమిది భాగాలు. మొత్తం తిరగాలంటే వారం దాటుతుంది. ఒక్క భాగం తీసుకున్నా చాలు. ఊరికి దగ్గర్లో కావాలంటే లా సుబియా పైనున్న కుంబ్రెస్ వెర్దెస్ వైపు అడవి దారులు బాగుంటాయి. ఎక్కడం వద్దు, దిగడమే కావాలనేవాళ్ళకు వేసవిలో ప్రదోయానోలో బైక్ పార్క్ తెరుస్తారు, కేబుల్ కారు సైకిల్‌తో సహా పైకి తీసుకెళ్తుంది.

నేషనల్ పార్క్ లోపల గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: జీపు పట్టేంత వెడల్పున్న దారిని 'పిస్తా' అంటారు, దాని మీద తొక్కండి. నడిచేవాళ్ళ సన్నటి కాలిబాట 'సెందెరో' మీద తొక్కే ముందు పార్క్ కేంద్రంలో అడగండి. వెలేతా దాటి కరిగ్వేలా కనుమ మీదుగా అవతలి వైపు కపిలెయిరాకి దిగే పాత మట్టిదారి గురించి కూడా అక్కడే అడగాలి. మంచు, రాళ్ళు పడటం, నిబంధనలు, అన్నీ వాళ్ళ దగ్గరే తెలుస్తాయి. మొనాచిల్ దగ్గర లోస్ కహోర్రోస్ లోయలో వేలాడే వంతెనలున్నాయి, అవి కాలినడకకే. సైకిల్ తోసుకెళ్తే తిట్లు తింటారు.

చక్రాల్లో గాలి కొంచెం తక్కువగా పెట్టి, ముళ్ళకు ట్యూబ్‌లెస్ ద్రవం ఉన్న టైర్లు అడగండి. గొర్రెల మంద కనిపిస్తే దిగి నడవండి. కాపలా కుక్కలు దూడంత ఉంటాయి, సైకిల్ వేగంగా కదిలితేనే వాటికి కోపం. మనుషుల్లా నెమ్మదిగా మాట్లాడుతూ పోతే పట్టించుకోవు. చలికాలంలో వేటగాళ్ళు అడవి పందుల కోసం వస్తారు. దారి మొదట్లో 'బతీదా' అని బోర్డు ఉంటే ఆ రోజు ఆ దారి మర్చిపోండి.

అవతలి వైపు

ఆరో రోజూ ఏడో రోజూ కొండకు దక్షిణాన ఆల్పుహర్రా పల్లెలకు. ఓర్హివా దాకా బస్సులో వెళ్ళి అక్కణ్ణించి తొక్కండి. 450 మీటర్ల నుంచి పంపనెయిరా, బుబియోన్ మీదుగా కపిలెయిరా, 1,436 మీటర్లు. మూడు ఊళ్ళూ ఒకదాని మీద ఒకటి పొకేరా లోయకు అతుక్కుని ఉంటాయి. ఇళ్ళ మీద పెంకులుండవు. చదునైన పైకప్పు మీద 'లౌనా' అనే బూడిద రంగు మట్టి పరుస్తారు, తడిస్తే బిగుసుకుని నీళ్ళు దిగనివ్వదు. రాయలసీమ మట్టి మిద్దెలు చూసినవాళ్ళు ఒక్క క్షణం ఆగిపోతారు. రోడ్డు పక్కన గలగలమనే కాలవలు అరబ్బుల కాలం నాటివి, కరిగిన మంచు నీటిని ఇప్పటికీ పొలాలకు పంచుతున్నాయి.

పంపనెయిరాలో ఒక నీళ్ళ ధార ఉంది. పెళ్ళి కావాలన్న మనసుతో అందులో నీళ్ళు తాగితే వెంటనే సంబంధం కుదురుతుందని పైన రాసి ఉంటుంది. పెళ్ళయినవాళ్ళు కూడా సీసాలు నింపుకోవచ్చు, నేను నింపుకున్నాను. వేరే చోట్ల మాత్రం 'నో పొతాబ్లే' (తాగడానికి పనికిరాదు) అని రాసి ఉందేమో చూసి తాగండి.

ఓపిక ఉంటే మర్నాడు త్రెవేలెస్ దాకా వెళ్ళి రావచ్చు. హ్యామ్‌కి పేరుపడ్డ ఊరు, శాకాహారులకు వాసన కాస్త ఇబ్బంది. గ్రనాడాకి తిరిగొచ్చే బస్సులు రోజుకి కొన్నే. సైకిల్ కింద సామాన్ల అరలో పడుకోబెట్టాలి, ఖాళీ ఉంటేనే ఎక్కించుకుంటారు. ముందు చక్రం విప్పి, చైన్ చుట్టూ పాత గుడ్డ చుట్టి, పది నిమిషాల ముందే స్టాపులో నిలబడండి. అద్దె బండి ఇచ్చేయాల్సింది ఆ రోజే అయితే మధ్యాహ్నం రెండు లోపు చేరే బస్సు చూసుకోండి. అది తప్పితే షాపు ఐదింటికే తెరుస్తుంది.